పద్నాలుగు పొట్లాల బూజు

ఆ రోజు ఉదయం బూజు సారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆరింటికి లేవడం, గడ్డం గీసుకోవడం, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, ఫ్రిజ్ రెండో అరలో ఉన్న స్టీలు డబ్బాను గుడ్డసంచిలో పెట్టుకోవడం, కారు నెమ్మదిగా నడుపుకుంటూ తొమ్మిదిన్నరకల్లా ఆఫీసు చేరడం. పదకొండింటికి కమిటీ. మొదటి మూడు పనులూ అనుకున్నట్టే జరిగాయి. గడ్డం దగ్గర చిన్న గాటు కూడా పడలేదు.

బూజు సారు అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఆయన పదకొండేళ్ళుగా బూజు పెంచుతున్నాడు. అల్లాటప్పా బూజు కాదది. మట్టిలో నులిపురుగులని ఉంటాయి. కంటికి ఆనవు కాని, మొక్కల వేళ్ళను కొరికి ముడులు ముడులుగా చేసి, తోటలకు తోటలనే ఎండబెట్టేస్తాయి. ఈ బూజు ఆ పురుగులు తిరిగే దారిలో సన్నటి ఉచ్చులు పన్ని కూర్చుంటుంది. పురుగు తల దూర్చగానే ఉచ్చు బిగుసుకుంటుంది. ఆ తర్వాత బూజు దాన్ని తీరిగ్గా భోంచేస్తుంది. విషపు మందులు చల్లకుండానే పురుగుల పీడ వదిలించవచ్చని సారు నమ్మకం. ఆ నమ్మకం ఆయనకు ఉంది కాని, బూజుకు ఉన్నట్టు లేదు. రెండుసార్లు కమిటీ వచ్చి మైక్రోస్కోపులోంచి తొంగి చూసినప్పుడు ఉచ్చుల మాట అటుంచి, పురుగులు బూజు మీదే షికారు చేస్తూ కనిపించాయి. రెండోసారి ఛైర్మన్‌గారు, "ఏది దేన్ని తింటుందన్నారు?" అని అడిగారు కూడా.

మూడోసారే ఆఖరిసారి అని కాగితం వచ్చింది. ఈసారి కూడా ఏమీ కనిపించకపోతే బూజు సెక్షన్ ఎత్తేసి, ఆ గదిలో పాత ఫైళ్ళు పెడతారు. సారును విత్తనాల గోదాములో బస్తాల దగ్గర కూర్చోబెడతారు. పదకొండేళ్ళ కష్టం గంగలో కలుస్తుంది. దానికి తోడు కిందటి నెల ల్యాబులో ఏసీ మూడు రోజులు మూలపడటంతో ఉన్న బూజంతా మాడిపోయి, ఒకే ఒక్క డబ్బా మిగిలింది. దానికైనా ఏమీ కాకూడదని సారు దాన్ని ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో దాచుకున్నాడు. ఉడికించిన గోధుమల మీద ఆ బూజు తెల్లగా, దూదిలా, ఒత్తుగా పెరిగింది. రోజూ పడుకునే ముందు మూత తీసి ఒకసారి చూసుకుంటేనే ఆయనకు నిద్ర పట్టేది.

బూజు పట్టిన గోధుమలు ఫ్రిజ్‌లో కనిపిస్తే ఎవరైనా ఏం చేస్తారో ఆయనకు తెలుసు. అందుకే వారం రోజుల శిక్షణకు వేరే ఊరు వెళ్ళే ముందు, డబ్బా మీద ఏదైనా రాసి అంటించమని భార్యకు చెప్పాడు. ఆవిడ దుకాణాలకు బోర్డులు రాస్తుంది. చేతిలో పనితనం ఉన్న మనిషి కాబట్టి ఎర్రరంగుతో, నీలం నీడతో, బారెడు దూరం నుంచి చదవగలిగేలా రాసి అంటించింది: "నులిపురుగుల మందు. పారేయకూడదు."

వచ్చిన చిక్కంతా మన భాషతోనే. మొక్క వేరును కొరికేదీ నులిపురుగే, మనిషి కడుపులో కాపురం పెట్టేదీ నులిపురుగే. సరిగ్గా సారు ఊళ్ళో లేని ఆ వారంలోనే ఆయన మేనత్త చూసి పోదామని వచ్చింది. ఆవిడ ముప్పై ఏళ్ళు ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా పనిచేసింది. డాక్టరు పోయాక, ఆయన వైద్యంలో ముప్పాతిక భాగం తనదేనని తేల్చుకుంది. తలనొప్పి వచ్చినా, చిరాకు వచ్చినా, పిల్లికి ఆకలి మందగించినా ఆవిడ లెక్కలో కారణం ఒక్కటే, నులిపురుగులు. వచ్చిన రెండో రోజుకే బిల్డింగంతా ఆవిడను కాంపౌండరమ్మ అని పిలవడం మొదలుపెట్టింది.

శిక్షణ నుంచి రాత్రి బాగా పొద్దుపోయి వచ్చి, ఫ్రిజ్ తెరవకుండానే పడుకున్న సారు ఇప్పుడు డబ్బా మూత తీశాడు. లోపల గోధుమలు నిగనిగలాడుతున్నాయి. బూజు మచ్చుకైనా లేదు. వాసన చూశాడు. ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. ఉప్పు సరిపోయింది.

"అత్తా," అన్నాడు. "ఈ డబ్బాలో..."

"నేనే నింపానురా," అంది మేనత్త, వంటింటి బల్ల దగ్గర కాఫీ ఊదుకుంటూ. "ఖాళీ డబ్బా ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఏం బాగుంటుంది? గుప్పెడు గోధుమలు ఉడకేసి పోశాను. నువ్వొచ్చేసరికి నిండుగా ఉండాలని."

"అసలు ఖాళీ ఎలా అయింది?"

"మందు ఉన్నది దాచుకోవడానికా? ఈ బిల్డింగులో ఎవరి మొహం చూసినా తెలిసిపోతోంది, కడుపు నిండా నులిపురుగులే. కింద టైలరు నిద్రలో పళ్ళు కొరుకుతాడు. పైన జడ్జిగారు ఊరికే విసుక్కుంటారు. పొట్లాలు కట్టి తలా ఒకటి ఇచ్చాను. పద్నాలుగు పొట్లాలు. చెంచాడు చెంచాడు, భోజనం అయ్యాక, గోరువెచ్చటి నీళ్ళతో."

"అత్తా, అది మనుషులకి కాదు. మట్టిలో ఉండే పురుగులకి."

"మట్టికి మందేంట్రా? అలా అని డబ్బా మీద లేదే. నులిపురుగుల మందు అని అంతంత అక్షరాలతో ఉంది. నాకేం చదువు రాదనుకున్నావా?"

పక్క గదిలోంచి కుంచె తుడుచుకుంటూ వచ్చిన భార్య ఇదంతా విని, "పారేయకూడదని కూడా రాశాను," అంది.

"పారేశానా?" అంది మేనత్త. "ఒక్క గింజ నేలపాలు కానివ్వలేదు."

సారు కుర్చీలో కూలబడ్డాడు. ఎప్పుడిచ్చావని అడిగితే, నువ్వెళ్ళిన మర్నాడే, ఆరు రోజులైందని చెప్పింది. ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగితే, అందరికీ ఆకలి పెరిగిందని చెప్పింది. తనకు ముందుగా గుర్తొచ్చింది ఇరుగుపొరుగు క్షేమమేనని సారు ఆ తర్వాత చాలామందితో అన్నాడు. నిజానికి ముందు గుర్తొచ్చింది సెక్షన్. క్షేమం ఆ వెనకే వచ్చిందనుకోండి. పద్నాలుగు పొట్లాల్లో ఒక్కటైనా ఎవరో ఒకరు బద్ధకించి విప్పకుండా ఉంచి ఉంటారని ఆశ పుట్టింది. మనుషుల బద్ధకం మీద ఆయన అంతకుముందెప్పుడూ అంత ఆశ పెట్టుకోలేదు. టైము చూశాడు. ఏడున్నర.

కింది అంతస్తులో టైలరు అప్పటికే మిషను ముందు కూర్చున్నాడు. సారును చూడగానే పెదవుల మధ్య ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు.

"మందు మహా బాగా పనిచేసిందండి. ఆరు రోజులుగా పళ్ళు కొరకడం లేదని మా ఆవిడే చెప్పింది. కాంపౌండరమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి."

"పొట్లంలో ఏమైనా మిగిలిందా?"

"మిగలడమా? కాగితం కూడా నాకేశానండి."

మొదటి అంతస్తులో మూడు తలుపులు తట్టాడు. మూడు ఇళ్ళలోనూ కోర్సు పూర్తయింది. ఒకాయన పొట్లం చాలలేదని, ఇంకొకటి ఇప్పించమని అడిగాడు. ఏ ఇంటివాళ్ళూ ఆయన్ను ఊరికే పంపలేదు. ఒకరు కాఫీ ఇచ్చారు, ఇంకొకరు అన్నగారి మోకాలి నొప్పి గురించి చెప్పారు. చూస్తుండగానే ఎనిమిదిన్నర అయింది.

రెండో అంతస్తులో రిటైరయిన జడ్జిగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. సారు అవసరమైతే డైరెక్టరు ముందు అబద్ధం ఆడగలడు, భార్య ముందు రోజూ ఆడతాడు, కాని జడ్జిగారి కళ్ళజోడు ముందు ఆయన నాలుక తిరగదు.

"పొట్లం వెనక్కి ఎందుకు అడుగుతున్నారు? అందులో ఏముంది?"

"గోధుమలండి."

"గోధుమలు మాత్రమేనా?"

"గోధుమల మీద బూజు కూడా ఉందండి."

జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "మా ఆవిడ పొట్లం కూడా నేనే తిన్నాను," అన్నారు చివరికి. "ఆ బూజు ఏం చేస్తుంది?"

"ఉచ్చులు పన్నుతుందండి. పురుగు దూరితే బిగుసుకుంటుంది."

జడ్జిగారి చెయ్యి మెల్లిగా పొట్ట మీదికి వెళ్ళింది. వెనక నిలబడి ఉన్న ఆయన భార్య ఈ మాట విననే విన్నది. సారు లేచి చెప్పులు వేసుకునేలోగా ఆవిడ మెట్ల మీద ఉంది. రెండో అంతస్తులో బయల్దేరినప్పుడు అది వట్టి బూజు. మెట్ల మలుపు తిరిగేసరికి విషపు బూజు అయింది. మూడో అంతస్తు చేరేసరికి, సారు బిల్డింగు మీద రహస్యంగా ప్రయోగం చేస్తున్నాడు, కడుపులో ఉరితాళ్ళు పేనే మందు పెట్టాడు, దానికి పైనుంచి పర్మిషన్ కూడా ఉందిట. నిన్నటిదాకా ఆకలి పెరిగిందని సంబరపడ్డవాళ్ళకు ఇప్పుడు ఆ ఆకలే అనుమానంగా తోచింది.

మూడో అంతస్తులో చివరి వాటా లెక్కల టీచరుగారిది. పొట్లం అని సారు నోరు తెరవగానే ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"మీ అత్తగారికి చెప్పండి. నా కడుపులో పురుగులున్నాయని రుజువు లేకుండా నేను మందు మింగను."

"మింగలేదా?"

"మింగలేదు. పారేద్దామంటే, పారేయకూడదని ఆవిడ నాచేత ఒట్టు వేయించుకుంది. బాల్కనీలో టమాటా మొక్క ఎలాగూ చావుబతుకుల్లో ఉంది. మందు మందే కదా అని దాని మొదట్లో పోశాను."

సారు బాల్కనీలోకి పరుగెత్తి కుండీ ముందు చతికిలపడ్డాడు. మొక్క కింది ఆకులు పసుపు తిరిగి వేలాడుతున్నాయి. ఇలాంటి పసుపు ఆయన వేల మొక్కల్లో చూశాడు, అది నులిపురుగుల పనే. గోధుమ గింజల్ని చీమలు ఎత్తుకుపోయాయి. కాని చిటారున నాలుగు చిగుళ్ళు కొత్తగా ఉన్నాయి, మొదట్లో మట్టి మీద తెల్లటి నూగు, పోల్చుకోగలిగినవాడికే కనిపించేంత పల్చగా ఉంది. బతికే ఉంది. సారుకు ఏడుపొచ్చింది. పక్కింటివాళ్ళు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా కళ్ళు తుడుచుకున్నాడు.

"టీచరుగారూ, ఈ కుండీ ఇప్పించండి. సాయంత్రం తెచ్చేస్తాను."

"చస్తుందనుకున్న మొక్క చిగురేసింది. మీ చేతికిస్తే మళ్ళీ ఏం చేస్తారో. కుండీ ఎక్కడికెళ్తే నేనూ అక్కడికే," అని ఆవిడ చెప్పుల కోసం లోపలికి వెళ్ళింది.

కింద కారు చుట్టూ బిల్డింగంతా మూగి ఉంది. అందరి చేతులూ పొట్టల మీదే ఉన్నాయి. ప్రాణానికి ఏమీ కాదని రాతపూర్వకంగా హామీ ఇస్తే గాని కారు కదలనివ్వనని జడ్జిగారు బానెట్టుకు ఆనుకుని నిలబడ్డారు. అప్పటికి తొమ్మిదీ ముప్పావు. సారు తొందరలో, "ఆఫీసుకు రండి, డాక్టరు కూడా ఉంటాడు, అక్కడే రాసిస్తాను," అనేశాడు. ఆయన ఉద్దేశంలో అది జడ్జిగారితో అన్న మాట. మిగతావాళ్ళు తమతో కూడా అన్నాడనుకున్నారు. నా పేషంట్లను నేను వదలనంటూ మేనత్త ముందు సీట్లో కూర్చుంది. వెనక సీట్లో ఒడిలో కుండీతో టీచరుగారు, ఆ పక్క జడ్జిగారు, ఈ పక్క టైలరు. మిగిలిన పదిమందీ మూడు టాక్సీల్లో వెంట పడ్డారు.

పరిశోధన కేంద్రం గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు తెరిచి, వచ్చిన పనేమిటని అడిగాడు. "మందు తీసుకున్నవాళ్ళం. అలాగే రాసుకో," అంది మేనత్త. వాచ్‌మన్ కాస్త మర్యాదగా ఉంటుందని "మందు వాడినవారు, పన్నెండుమంది" అని రాసుకున్నాడు. ఆ రిజిస్టరే డైరెక్టరుగారి దాకా వెళ్ళింది. ఆయన గబగబా మెట్లు దిగి వచ్చి సారు వీపు తట్టారు.

"రైతుల్ని పిలిపించావా? నాకు చెప్పనేలేదే. నీకు ఇంత బుర్ర ఉందనుకోలేదయ్యా."

"సార్, వాళ్ళు రైతులు..."

"తెలుసు, తెలుసు. తర్వాత మాట్లాడుకుందాం. ఛైర్మన్‌గారు వచ్చేశారు," అని అందర్నీ కమిటీ హాల్లోకి తీసుకెళ్ళి, మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టి, టీలు ఇప్పించారు.

ఛైర్మన్‌గారు మందు వాడినవారిని చూసి ముచ్చటపడ్డారు. ఇన్నేళ్ళలో ఈ సెక్షన్ తరఫున ఒక్క మనిషైనా వచ్చి సాక్ష్యం చెప్పింది లేదు. ముందు వరసలో ఉన్న టైలరు వైపు వంగి, "చెప్పండి, మీ పంటలో పురుగులు తగ్గాయా?" అని ఆప్యాయంగా అడిగారు.

"పంటలో కాదండి, కడుపులో," అన్నాడు టైలరు.

ఛైర్మన్‌గారికి సరిగ్గా వినపడలేదు. జడ్జిగారి వైపు తిరిగి, "ఎకరానికి ఎంత వేశారు?" అన్నారు.

"ఎకరానికి కాదు, పూటకి. చెంచాడు. భోజనం అయ్యాక," అన్నారు జడ్జిగారు. "రాతపూర్వకమైన హామీ ఎవరిస్తారు? మీరా, ఈయనా?"

ఆ తర్వాత పావుగంట హాల్లో ఎవరు ఏం మాట్లాడారో ఎవరికీ సరిగ్గా తెలియదు. విషయం తెలిసేసరికి డైరెక్టరుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. కేంద్రం డాక్టరును పరుగున పిలిపించారు. ఆయన పన్నెండు పొట్టలూ నొక్కి చూసి, ఆరు రోజులైంది కాబట్టి భయం లేదని, జడ్జిగారు మాత్రం బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకుంటే బిగుతు తగ్గుతుందని, ఇకమీదట ఎవరైనా పొట్లం ఇస్తే తెరవకుండా తన దగ్గరికి తెమ్మని చెప్పి వెళ్ళాడు. మేనత్త ఆ డాక్టరును నఖశిఖపర్యంతం చూసి, "కుర్రతనం," అంది.

ఛైర్మన్‌గారు ఫైలు మూశారు. "పదకొండేళ్ళలో ఈ మందు పురుగులకు తప్ప అందరికీ అందిందన్నమాట," అని పెన్ను క్యాపు తీశారు. సారుకు కళ్ళ ముందు విత్తనాల గోదాము కనిపించింది. బస్తాల వాసన కూడా వచ్చినట్టనిపించింది.

అప్పుడు లెక్కల టీచరుగారు లేచి, ఒడిలోని కుండీని తీసుకెళ్ళి ఛైర్మన్‌గారి ఫైలు మీదే పెట్టింది.

"ఆగండి. లెక్క పూర్తి కాలేదు. పద్నాలుగు పొట్లాల్లో మీరు పదమూడే చూశారు."

ఇక సారు చేతులు వాటంతట అవే పనిలోకి దిగాయి. మొక్క మొదట్లోంచి చిటికెడు మట్టి, పక్కనున్న వేరు ముడి ఒకటి తీసి, గాజు పలక మీద చుక్క నీళ్ళలో విప్పి, కమిటీ కోసం బల్ల మీద సిద్ధంగా ఉంచిన మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఒకసారి చూశాడు. రెండోసారి చూశాడు. తర్వాత పక్కకు జరిగి ఛైర్మన్‌గారికి చోటిచ్చాడు.

"ఇవేంటి, గాజుల్లా గుండ్రంగా?" అన్నారు ఛైర్మన్‌గారు, కన్ను తీయకుండా.

"ఉచ్చులండి."

"ఒకదాంట్లోకి ఏదో దూరుతోంది."

"దూరనివ్వండి."

ఛైర్మన్‌గారు తన వేలే ఇరుక్కున్నట్టు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. మళ్ళీ ముందుకు వంగి చాలాసేపు చూశారు. పురుగు తన్నుకుంటోందని, తన్నుకున్నకొద్దీ రెండో ఉచ్చులో తోక పెట్టిందని, పాపం అని, భలే అని, అన్నీ ఆయనే చెప్పారు. తర్వాత హాల్లో ఉన్నవాళ్ళంతా వరస కట్టారు. కాజా కుట్టినంత శుభ్రంగా బిగిసిందని టైలరు మెచ్చుకున్నాడు. తన సర్వీసులో ఇంత త్వరగా అమలైన శిక్ష చూడలేదని జడ్జిగారు అన్నారు. మేనత్త ఒక కన్ను మూసి చూసి, "నే ఇచ్చిన మందే కదా," అంది.

"అంతా బాగానే ఉంది," అన్నారు ఛైర్మన్‌గారు. "రెండుసార్లు వచ్చాను. అప్పుడు ఎందుకు పట్టలేదు?"

సారుకు ఆ ప్రశ్నకు జవాబు కుండీ చూస్తుండగానే తట్టింది. ఆనందంలో దాచుకోవాలనే తోచలేదు.

"తప్పు నాదేనండి. ఉన్న కాస్త బూజూ ఎక్కడ చస్తుందోనని చల్లటి చోట పెట్టి, గోధుమలు పోసి మేపాను. తిండి దొరికినంతకాలం అది వేటకెళ్ళదు. పుస్తకాల్లో ఉన్నదే, ముద్దు చేసి నేనే మర్చిపోయాను. ఇక్కడ గింజలు చీమలు ఎత్తుకుపోయాయి. ఏసీ లేదు, ఫ్రిజ్ లేదు, చూసుకునేవాళ్ళు లేరు. కడుపు కాలింది కాబట్టి ఉచ్చు వేసింది. దీన్ని ఎంత తక్కువ చూసుకుంటే అంత బాగా పనిచేస్తుందండి."

"ఆ చివరి మాట మళ్ళీ చెప్పండి," అన్నారు ఛైర్మన్‌గారు, రాసుకుంటూ.

సారు మూడుసార్లు చెప్పాడు. పదకొండేళ్ళలో తన మాట ఒకరు కాగితం మీద పెట్టడం అదే మొదటిసారి. ఛాతీ ఇంత వెడల్పయింది.

ఉత్తర్వు సాయంత్రం నాలుగింటికే వచ్చింది. బూజు సెక్షన్‌ను ఎత్తివేయాలన్న ప్రతిపాదన రద్దయిందని మొదటి పేజీలో ఉంది. సారు అది భార్యకు ఫోనులో చదివి వినిపించాడు, మేనత్తకు వినిపించాడు, కుండీ పట్టుకుని టాక్సీ కోసం చూస్తున్న టీచరుగారికి కూడా వినిపించాడు. ఆ తర్వాత గాని పేజీ తిప్పలేదు. లేమిలోనే ఉత్తమ ఫలితాలు వస్తాయని సెక్షన్ అధిపతి స్వయంగా నిరూపించినందున ఏసీ, ఫ్రిజ్, ఇద్దరు సహాయకులు, బల్లలు, కుర్చీలు తక్షణం వెనక్కి తీసుకుని, సెక్షన్‌ను వెనకవైపు మెట్ల కిందికి మార్చాలని, ఇదే పద్ధతిని మిగతా సెక్షన్లలో కూడా అమలు చేసే అవకాశం పరిశీలించాలని రెండో పేజీలో ఉంది. ఆయన తలెత్తి చూసేసరికి, ఇద్దరు మనుషులు ఆయన కూర్చున్న కుర్చీ కోసం మర్యాదగా నిలబడి ఉన్నారు.

మొత్తానికి బూజు సెక్షన్ నిలబడింది; దానితోపాటు సారు కూడా.